బాబాసాహెబ్ వదిలేసిన ఉద్యోగాలు

మన వాడల్లో నిలబెట్టుకున్న బాబాసాహెబ్ విగ్రహాలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. ఒంటి మీద కోటు, చేతిలో పుస్తకం, ముందుకు చాచిన చూపుడు వేలు. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023లో, విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024లో నిలబెట్టిన భారీ విగ్రహాలూ ఆ రూపంలోనే ఉన్నాయి. ఆ పుస్తకం రాజ్యాంగమని పిల్లలకు చెబుతాం. ఆ కోటు గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం. ఆ కోటు వేసుకుని సొంతంగా వకీలు పని చేసుకునే స్థాయికి రావడానికి ఆయనకు పదేళ్లు పట్టింది. 1913 నుంచి 1923 దాకా సాగిన ఆ పదేళ్లలో ఆయన ఒక సంస్థానం కొలువు, ఒక కాలేజీ ప్రొఫెసర్ పదవి వదిలారు. మధ్యలో ట్యూషన్లు చెప్పారు, చిన్న వ్యాపారం పెట్టి మూసేశారు. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, ఇంట్లో భార్యాబిడ్డలుండగా, మళ్లీ విద్యార్థి అయ్యారు.

ఈ కథ ఇప్పుడు ఎందుకంటే, మేం కలిసే విద్యార్థులను, కార్యకర్తలను వెంటాడే భయం ఒకటుంది. ఇంట్లో మొదటి జీతగాడు వాళ్లే. ఆ జీతం మీద అమ్మానాన్నల మందులు, తమ్ముడి ఫీజు, చెల్లి పెళ్లికి చేసిన అప్పు ఆధారపడి ఉంటాయి. చదవాలనుకున్న చదువు, చేయాలనుకున్న పని వేరే ఉన్నా నోటికాడి కూడు తన్నుకున్నట్టవుతుందని ఆగిపోతారు. బయటివాళ్లు దీన్ని పిరికితనం అంటారు. మేం అలా అనుకోవడం లేదు. తరతరాలుగా ఏమీ లేని ఇంట్లో ఒక్క జీతం పోతే ఏమవుతుందో తెలిసినవాళ్లు పడే భయం అది. బాబాసాహెబ్‌కూ ఆ పరిస్థితి తెలుసు. దాన్ని ఆయన ఎలా దాటారన్నది ఆయన జీవితంలోనే చూడొచ్చు.

సైన్యం తిండి తిన్న ఇల్లు

భీమరావు 1891 ఏప్రిల్ 14న మహూ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్, సైనిక పాఠశాలలో బోధించినవాడు. మహర్ కుటుంబాలు కొన్నిటికి అక్షరం, జీతం, పింఛను వచ్చింది ఆ సైన్యం వల్లే. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేసింది. ఒక్క ఉత్తర్వుతో ఒక కులానికి దొరికిన దారి మూసుకుపోయింది. అంటే ఉద్యోగం విలువ ఎంతో, దాన్ని ఇచ్చిన చేయి ఎంత తేలిగ్గా వెనక్కి తీసుకుంటుందో చూసిన ఇంట్లోనే ఆ పిల్లవాడు పెరిగాడు.

బొంబాయి పరేల్‌లోని చాల్‌కు చేరాక రాంజీ పింఛను ఇంటికి చాలేది కాదు. కొడుకు అడిగిన పుస్తకం కొనడానికి పెళ్లైన కూతుళ్ల దగ్గర నగలు తీసుకుని తాకట్టు పెట్టేవాడు. పింఛను రాగానే విడిపించి ఇచ్చేవాడు. భీమరావు 1907లో మెట్రిక్ పాసయ్యారు. ఉపాధ్యాయుడు కేలుస్కర్ చొరవతో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయల సాయం చేశారు. ఆ సాయంతో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. పూర్తయింది. అప్పటికే ఆయనకు రమాబాయితో పెళ్లయింది. 1912 డిసెంబరులో కొడుకు యశ్వంత్ పుట్టాడు.

చదువుకు సాయం చేసిన సంస్థానానికే కొలువు చేయడానికి 1913 జనవరిలో ఆయన బరోడా వెళ్లారు. వెళ్లొద్దని తండ్రి చెప్పాడు. అక్కడ కులం బతకనివ్వదని పెద్దాయన భయం. కొద్ది రోజులకే తండ్రి జబ్బు పడ్డట్టు తంతి వచ్చింది. ఫిబ్రవరి 2న రాంజీ చనిపోయాడు. ఇంటికి పెద్దదిక్కు పోయింది. అలాంటప్పుడు ఎవరైనా దొరికిన ఉద్యోగాన్ని గట్టిగా పట్టుకుంటారు. భీమరావు మాత్రం అదే ఏడాది అమెరికా వెళ్లడానికి బరోడా ఇస్తానన్న స్కాలర్‌షిప్‌కు ఒప్పుకున్నారు. నెలకు 11.50 పౌండ్ల చొప్పున మూడేళ్లు. తిరిగొచ్చాక పదేళ్లు బరోడాకు కొలువు చేయాలన్నది షరతు. జూలైలో న్యూయార్క్ చేరారు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో 1915లో ఎం.ఏ. పూర్తి చేశారు. 1916 మే నెలలో భారతదేశంలోని కులాల పుట్టుక మీద వ్యాసం చదివారు. డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం రాసి లండన్ వెళ్లి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, బారిస్టర్ చదువుకు గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. చదువు సగంలో ఆగింది. తిరిగి రాకముందు ఒక ముఖ్యమైన పని చేశారు. నాలుగేళ్లలోపు వచ్చి చదువు కొనసాగించడానికి విశ్వవిద్యాలయం నుంచి అనుమతి తీసుకున్నారు. చేతిలో డబ్బు లేకపోయినా ఆ తలుపు మాత్రం మూసుకుపోకుండా చూసుకున్నారు.

బరోడాలో పదకొండు రోజులు

1917 ఆగస్టులో ఆయన బొంబాయి చేరారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆయన సామాను, పుస్తకాలు తెస్తున్న ఓడ టార్పెడో దెబ్బకు మునిగిపోయింది. నష్టపరిహారంగా వచ్చిన సొమ్ములో కొంత ఇంట్లో ఇచ్చి, మిగిలింది పట్టుకుని ఒప్పందం ప్రకారం బరోడా వెళ్లారు. అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ప్రొబేషనర్‌గా చేరారు.

విదేశాల్లో చదువుకుని వచ్చిన ఆ అధికారికి బరోడాలో తల దాచుకోవడానికి చోటు దొరకలేదు. హిందువుల హోటళ్లు రానివ్వవు. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించి, రోజుకు రూపాయిన్నర ఇస్తూ ఉన్నారు. మేడ మీద పనికిరాని సామాను మధ్య ఒక్కరే పడుకునేవారు. ప్రభుత్వ బంగ్లా ఇప్పించమని పెట్టుకున్న అర్జీకి జవాబు రాలేదు. ఆఫీసులో బంట్రోతులు కూడా ఆయన్ని తాకకుండా ఫైళ్లు దూరం నుంచి విసిరేవాళ్లు.

పదకొండో రోజు ఉదయం ఆఫీసుకు బయల్దేరుతుంటే డజను మంది పార్సీలు కర్రలతో వచ్చి నిలబడ్డారు. సాయంత్రంలోగా ఖాళీ చేయాలని బెదిరించారు. ఆ పూట ఇద్దరు మిత్రులను ఆశ్రయం అడిగారు. ఒకరు హిందువు, ఒకరు భారతీయ క్రైస్తవుడు. ఇద్దరూ ఏవో ఇబ్బందులు చెప్పి తప్పుకున్నారు. రాత్రి తొమ్మిది గంటల బొంబాయి రైలు దాకా కామాఠీ బాగ్ అనే తోటలో కూర్చుని గడిపారు.

మాకు ఈ ఘట్టం చాలాసార్లు అవమానం కథగానే చెప్పారు. అది అవమానమే. దానితోపాటు ఉద్యోగం గురించి ఒక నిజం కూడా అక్కడ బయటపడింది. పదేళ్ల ఒప్పందం, మహారాజు అండ, కొలంబియా పట్టా అన్నీ ఉన్నా ఒక ఉదయం వచ్చిన డజను మంది ఆయన్ని ఊరు దాటించగలిగారు. మనం ఉద్యోగం వదలడానికి భయపడేది అది గట్టి గోడ అనుకుని. అంటరానివాడికి ఆ గోడ ఎంత గట్టిదో బాబాసాహెబ్‌కు ఇరవై ఆరేళ్ల వయసులోనే తెలిసిపోయింది.

బతుకుదెరువు వెతుకులాట

బొంబాయిలో ఇల్లు గడవాలి. ఇద్దరు పార్సీ విద్యార్థులకు ట్యూషన్ చెప్పారు. స్టాకులు, షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. ఆర్థికశాస్త్రంలో ఆయనకున్నంత చదువు ఆ వ్యాపారంలో ఎందరికి ఉండి ఉంటుంది? సలహా బాగుందనే వచ్చారు జనం. కులం తెలిశాక రావడం మానేశారు. సంస్థ మూతపడింది.

ఈ రెండు దెబ్బలూ పక్కపక్కన పెట్టి చూడాలి. కొలువులో పైవాళ్లు, చుట్టూ ఉన్నవాళ్లు వెళ్లగొట్టారు. సొంత వ్యాపారంలో ఖాతాదారులు వెళ్లిపోయారు. ధైర్యం చేసి సొంతంగా ఏదైనా పెట్టుకుంటే చాలు, జీవితం మారిపోతుందని చెప్పే మాటలు ఇప్పుడు మనకు రోజూ వినిపిస్తుంటాయి. ఆ మాటలు కులాన్ని లెక్కలోకి తీసుకోవు. బాబాసాహెబ్ ధైర్యం చేశారు, ఓడిపోయారు కూడా. ఆ ఓటమి ఆయన తెలివిలో లోపం వల్ల వచ్చింది కాదు.

నెలకు 450 రూపాయలు

1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో రాజకీయ అర్థశాస్త్రం ప్రొఫెసర్‌గా చేరారు. తాత్కాలిక పదవే అయినా జీతం నెలకు 450 రూపాయలు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. అంటరాని ప్రొఫెసర్ ఏం చెబుతాడులే అన్నట్టు మొదట్లో విద్యార్థులు పట్టించుకోలేదు. కొద్ది కాలానికే ఆయన పాఠం వినడానికి వేరే కాలేజీల నుంచి కూడా వచ్చి కూర్చోసాగారు. స్టాఫ్ రూములో ఉన్న కుండలో నీళ్లు ఆయన తాగడానికి మాత్రం కొందరు సహోద్యోగులు అభ్యంతరం పెట్టారు.

జీతం పెరిగినా ఇల్లు మారలేదు. పరేల్‌లోని ఆ చాల్‌లోనే, రెండు గదుల్లోనే కుటుంబమంతా ఉంది. రమాబాయి చేతికి ఇంటి ఖర్చుకు కొంత మాత్రమే ఇచ్చి, మిగతాది లండన్ కోసం దాచడం మొదలుపెట్టారు. ఇంటిని లాక్కొచ్చిన భారం ఆమెది. ఆ పొదుపును బాబాసాహెబ్ పట్టుదలగానే చెప్పుకుంటే రమాబాయికి అన్యాయం చేసినట్టే. ఆ రూపాయల్లో సగం ఆమె తినకుండా మిగిల్చినవి.

ఇదే సమయంలో ఆయన ప్రజల్లోకి కూడా వచ్చారు. 1919 జనవరిలో సౌత్‌బరో కమిటీ ముందు అంటరానివారి ఓటు హక్కు గురించి వాంగ్మూలం ఇచ్చారు. 1920 జనవరి 31న మూక్‌నాయక్ పత్రిక మొదలైంది. కొల్హాపూర్ ఛత్రపతి షాహూ మహారాజ్ దానికి 2,500 రూపాయలు ఇచ్చారు. మార్చి 21, 22 తేదీల్లో మాన్‌గావ్‌లో జరిగిన సభకు బాబాసాహెబ్ అధ్యక్షుడు. అంటరానివారికి నాయకుడు దొరికాడని ఆ సభకు వచ్చిన షాహూ మహారాజ్ ప్రకటించారు.

అంటే 1920 మార్చి నాటికి ఆయనకు మంచి జీతం, విద్యార్థుల్లో పేరు, సొంత పత్రిక, జనంలో గుర్తింపు ఉన్నాయి. ఎవరైనా ఇక ఇక్కడే ఉండమంటారు. ఆ నెలలోనే ఆయన ప్రొఫెసర్ పదవికి రాజీనామా చేశారు. లండన్ ఇచ్చిన నాలుగేళ్ల గడువు 1921 అక్టోబరుకు తీరిపోతుంది. అప్పటికి వెళ్లకపోతే ఆ చదువు శాశ్వతంగా పోయినట్టే.

బరోడా నుంచి ఆయన్ని తరిమేశారు. సిడెన్‌హామ్ నుంచి ఆయనే బయటికి నడిచారు. ఈ రెండు సంఘటనల మధ్య రెండున్నరేళ్లే ఉన్నాయి. ఆ రెండున్నరేళ్లలో ఆయన భయం పోయిందని మేం చెప్పలేం. ఆ భయం ఎదురొచ్చినా నిలబడడానికి కావాల్సినవి ఒక్కొక్కటిగా సమకూర్చుకున్నారు. చేతిలో దాచిన జీతం ఉంది. పార్సీ మిత్రుడు నవల్ భథేనా 5,000 రూపాయలు అప్పు ఇచ్చారు. షాహూ మహారాజ్ తోడ్పడ్డారు. విశ్వవిద్యాలయం తలుపు తెరిచే ఉంది. బరోడాలో కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లూ పార్సీలే, అప్పు ఇచ్చి ఆదుకున్న మిత్రుడూ పార్సీయే. ఎవరు తోడొస్తారో కులమూ మతమూ చూసి ముందే తీర్మానించుకోలేమని దీనివల్ల తెలుస్తుంది.

లండన్‌లో రెండోసారి

1920 జూలైలో ఓడెక్కారు. సెప్టెంబరు చివరలో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మళ్లీ చేరారు. పొద్దున్నే బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో కూర్చుంటే మూసేవేళకు లేచేవారు. మధ్యాహ్నం భోజనం చాలా రోజులు ఉండేది కాదు. చౌక బోర్డింగు గదిలో అరకొర తిండితో రాత్రి పొద్దుపోయేదాకా చదివేవారు. 1921లో ఎం.ఎస్సీ. వచ్చింది. 1922 జూన్‌లో బారిస్టర్ అయ్యారు. అదే ఏడాది అక్టోబరులో రూపాయి సమస్య మీద డి.ఎస్సీ. సిద్ధాంత గ్రంథం సమర్పించారు.

ఇంత చేసినా చివరి మెట్టు దగ్గర ఆటంకం వచ్చింది. 1923 మార్చిలో పరీక్షకులు ఆ గ్రంథాన్ని సవరించి మళ్లీ ఇవ్వమన్నారు. లండన్‌లో ఉండడానికి ఇక డబ్బు లేదు. ఏప్రిల్‌లో బొంబాయి వచ్చేశారు. ఇక్కడే కూర్చుని గ్రంథం తిరగరాసి ఆగస్టులో పంపారు. నవంబరులో అది ఆమోదం పొందింది. పట్టా చేతికి రాకముందే, అప్పులతో, ముప్పై రెండేళ్ల వయసులో ఆయన ఇంటికి వచ్చారన్నది గుర్తుంచుకోవాలి. ఆయన లేనప్పుడు మూక్‌నాయక్ కూడా నిలబడలేకపోయింది. మారడానికి చెల్లించిన వెలలో అదొకటి.

వకీలు వృత్తి ఎందుకు

1923 జూలైలో బొంబాయి హైకోర్టులో వకీలుగా నమోదయ్యారు. సనదు రుసుముకు కూడా భథేనానే ఆదుకున్నారు. ఆయన చదువుకు ప్రభుత్వ కొలువు దొరకడం కష్టం కాదు. అయినా అటు వెళ్లలేదు. వకీలుకు పైఅధికారి ఉండడు. బంగ్లా కోసం అర్జీ పెట్టుకోనక్కర్లేదు. పొద్దున ఉద్యమంలో ఉంటే సాయంత్రం సంజాయిషీ అడిగే ఆఫీసు ఉండదు.

ఆదాయం మాత్రం వెంటనే రాలేదు. అంటరాని వకీలుకు కేసులివ్వడానికి సొలిసిటర్లు ముందుకు రాలేదు. చిన్న కేసులు, మొఫసిల్ కోర్టులు, పేద కక్షిదారులతో మొదలైంది. ఇల్లు గడవడానికి 1925 జూన్ నుంచి దాదాపు మూడేళ్లు బాట్లీబాయ్ అకౌంటెన్సీ ఇన్‌స్టిట్యూట్‌లో పార్ట్‌టైంగా పాఠాలు చెప్పారు. వృత్తి నిలదొక్కుకునేదాకా పక్కన మరో సంపాదన పెట్టుకున్నారు. 1926లో బ్రాహ్మణేతర నాయకులు జేధే, జవళ్కర్‌లపై పుణెలో నడిచిన పరువునష్టం కేసులో వాళ్ల తరఫున వాదించి గెలిచారు. వకీలుగా పేరు రావడం అక్కడి నుంచే.

అదే 1926 జూలైలో చిన్న కొడుకు రాజరత్న చనిపోయాడు. రమాబాయి, బాబాసాహెబ్ మొత్తం నలుగురు బిడ్డలను పోగొట్టుకున్నారు. యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. 1935 మే 27న రమాబాయి కూడా వెళ్లిపోయింది. ఆయన ఎంచుకున్న దారిలో ఆమె నడిచిన దూరం తక్కువేమీ కాదు. ఆయన ఎదుగుదలను విజయగాథగా చెప్పేటప్పుడు ఈ మరణాలను పక్కకు నెట్టకూడదు.

ఆ వృత్తి ఏం ఇచ్చింది?

1924 జూలైలో బహిష్కృత హితకారిణీ సభ ఏర్పాటు. 1927 మార్చిలో మహద్ చవదార్ చెరువు నీళ్లు. డిసెంబరు 25న మనుస్మృతి దహనం. ఒక సంస్థానం అధికారిగానో ప్రభుత్వ కాలేజీ ప్రొఫెసర్‌గానో ఉండి ఉంటే ఆ చెరువు దగ్గరికి వేలమందిని నడిపించాక ఆయన కొలువు నిలిచేదా? చెరువుపై అగ్రకులస్తులు కోర్టుకెక్కినప్పుడు ఆ వ్యాజ్యం హైకోర్టు దాకా వెళ్లి, 1937 మార్చిలో అంటరానివారి పక్షాన తీర్పు వచ్చింది. చెరువు దగ్గర మొదలైన పోరాటాన్ని కోర్టులో పదేళ్లు కొనసాగించగల నాయకుడు మనకు ఉన్నాడంటే, 1920లో 450 రూపాయల జీతం వదులుకున్నందుకే.

తర్వాత 1928లో ప్రభుత్వ లా కాలేజీలో పాఠాలు చెప్పారు, 1935లో దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. అంటే ఉద్యోగం అన్నదానికే ఆయన వ్యతిరేకి కాదు. రిజర్వేషన్ల కోసం, ప్రభుత్వ కొలువుల్లో మన వాటా కోసం ఆయనంత కొట్లాడినవాళ్లు లేరు. 1951 సెప్టెంబరులో హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టినప్పుడు కేంద్ర న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. బిల్లు ఒక్కటే కారణం కాదు గానీ అది ముఖ్యమైనది. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు, ఒంట్లో బాగుండేది కాదు. ఏ పదవి ఎందుకు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో ఆయన చేసే పనిని బట్టి తేల్చుకున్నారు.

కాబట్టి ఈ కథ చదివి రేపే రాజీనామా చేయమని మేం ఎవరికీ చెప్పడం లేదు. ఇంటి బాధ్యత ఉన్నవాళ్ల భయాన్ని తేలిక చేసే హక్కు మాకు లేదు. బాబాసాహెబ్ కూడా రెండున్నరేళ్లు ఆగారు, దాచారు, అప్పు అడిగారు, గడువు లెక్కపెట్టుకున్నారు. అయితే ఆగడం వేరు, ఆగిపోవడం వేరు. ఆయన ఆగిన ప్రతి నెలలోనూ లండన్ ఒక నెల దగ్గరైంది.

ఒక విషయం మనమంతా చేయగలం. ఆయనకు ఒక భథేనా, ఒక షాహూ, ఒక కేలుస్కర్ దొరికారు. వాళ్లలో ఎవరూ ఆయన కులంవాళ్లు కాదు. ఇవాళ మనలో జీతాలు తీసుకునేవాళ్లు వేలల్లో ఉన్నారు. మన వాడలో ఒక అమ్మాయి పీహెచ్‌డీకో, వకీలు చదువుకో, పత్రికా రంగానికో ఉన్న ఉద్యోగం వదిలి వెళ్లాలనుకుంటే, ఆ రెండేళ్లు ఆ ఇంట్లో పొయ్యి వెలిగేలా చూసే సంఘం మన దగ్గర ఉందా? ఏప్రిల్ 14న దండలకు, ఫ్లెక్సీలకు చందాలు పోగుచేస్తాం. అందులో కొంత ఇలాంటి పిల్లల కోసం పక్కన పెట్టడం కష్టమైన పని కాదు. మార్పుకు భయపడుతున్నవాళ్లకు ధైర్యం చెప్పడం కన్నా ఆ నిధి ఎక్కువ పని చేస్తుంది.